గొల్లపల్లి వీణ



నేను సంగీత విద్వాంసుడను కాను. ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో లెక్కలు చెప్పి, విశ్రాంతి పొంది, ఓరుగంటిలోని కాశిబుగ్గలో కాలక్షేపము చేయుచున్నవాడను. ఇటీవల ఒక వీణను చేయించి తెచ్చుకొంటిని. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన సంగతులను, నేను చేసిన తెలివితక్కువ పనులతో సహా, మీతో చెప్పుదునని వచ్చితిని. మీరు ఎడ్లను కొనునపుడు పండ్లు చూతురు, సుడులు చూతురు, నాలుగడుగులు నడిపించి చూతురు. బండిచక్రము చేయించునపుడు వడ్లవానికడ కూర్చుండి కఱ్ఱను గోటితో గీచి చూతురు. వీణకును అట్టి చూపే కావలెనని నాకు ఆలస్యముగా తెలిసినది.

మొదట నా యపరాధము చెప్పుకొందును. నా భార్య పుట్టినింటినుండి ఒక వీణ తెచ్చుకొన్నది. పెండ్లికి ముందు ఆరేండ్లు నేర్చినది. సాయంకాలము పనులు తీరిన పిమ్మట కొంతసేపు వాయించుకొనుచుండెడిది. 1986వ సంవత్సరమున మా తండ్రిగారికి జబ్బు చేసి, వైద్యమునకు సొమ్ము చాలక, ఆ వీణను పాతసామానుల వర్తకునకు అమ్మితిని. ఆమెను అడిగియే యమ్మితిని. కాని యట్టి సమయమున అడుగుట యనగా ఎట్టిదో మీకు తెలియును. ఆమె వీణమీది పట్టుగుడ్డను తీసి, మడతపెట్టి, పెట్టెలో దాచుకొని, "తీసికొనిపొండు" అన్నది. తరువాత నలుబది సంవత్సరములలో ఆ మాట మరల ఎత్తలేదు. ఆకాశవాణిలో ఈమని శంకరశాస్త్రిగారి వాద్యము గాని, వారి శిష్యులు చిట్టిబాబుగారి వాద్యము గాని వచ్చినపుడు మాత్రము వంటయింటిలో గిన్నెల చప్పుడు నిలిచిపోవుచుండెను. నేను గమనింపనట్లు పత్రిక చదువుకొనుచుంటిని.

రెండేండ్ల క్రిందట పదకొండేండ్ల మా మనుమరాలు తనకు గిటారు కావలెనని పట్టుపట్టినది. తోటిపిల్లలు వాయించుచున్నారట. నా భార్య, "తీగెల వాద్యమే యైనచో వీణ నేను నేర్పుదును గదా" అని, ఆ మాట తన నోటినుండి ఎట్లు వచ్చినదా యని తానే యాశ్చర్యపడినట్లు లోపలికి పోయినది. నేను మఱునాడే ఒక నగరమునకు పోయి, ఒక దుకాణమున నిగనిగలాడుచున్న వీణను చూచి, బేరమాడి, తక్కువ ధరకు వచ్చినదని సంతోషించుచు ఇంటికి తెచ్చితిని. బేరమాడితినే గాని, అది ఏ కఱ్ఱ, ఎన్ని ముక్కలు, ఎవరు చేసిరి అని యొక్క ప్రశ్నయైనను వేయలేదు.

ఆ వీణ మార్గశిరమున వచ్చి వైశాఖమున చెడినది. ఓరుగంటి యెండలు మీరెఱుగనివి కావు. దండియు కుండయు కలియుచోట అతుకు నోరు తెఱచినది. దండి కొంచెము వంగి, తీగెలు మెట్లనుండి పైకి లేచినవి. అట్లు లేచిన తీగెను నొక్కవలెనన్నచో వ్రేలు కోసుకొనును. పిల్ల నాలుగునాళ్లు ఏడ్చుచు వాయించి, అయిదవనాడు మూలకు నెట్టినది. దుకాణదారుని అడిగితిని, "ఎండలో పెట్టియుందురు" అనెను. ఆతని మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను వీణకు ఏడు తీగెలు. నాలుగు వాయించునవి, మూడు తాళము వేయునవి. ఈ యేడును రాత్రింబవళ్లు, మనము నిద్రించుచున్నను, దండిని లాగుచునే యుండును. ఆ లాగుడునకు నిలువని కఱ్ఱ నీడలో పెట్టినను ఎన్నడో యొకనాడు వంగును.

అప్పుడు నేను చేయవలసిన పని చేసితిని. తెలిసినవారిని అడిగితిని. వీణలు చేయు ఊళ్లు మనకు చాల లేవు. అరవదేశమున తంజావూరు కలదు. తెలుగునేలపై 2022 వఱకు కృష్ణామండలమునకు చేరియుండిన నూజివీడు ఒకటి. ఉత్తరాంధ్రమున బొబ్బిలి మఱియొకటి. బొబ్బిలి యనగానే మనకు 1757నాటి యుద్ధము గుర్తుకు వచ్చును గాని, సంగీతము తెలిసినవారికి వీణయే గుర్తుకు వచ్చునట. ఆ వీణలు చేయునది పట్టణమును ఆనుకొనియున్న గొల్లపల్లిలో. అక్కడ సర్వసిద్ధి యను ఇంటిపేరుగల కుటుంబములవారు తరతరములుగా ఈ పనియే చేయుచున్నారు.

మన ప్రాంతమునకు ఈ వాద్యముతో చుట్టఱికము లేదనుకొనరాదు. మన పాలకుర్తివాడైన సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున వీణల పేరులను పలుగా పేర్కొనెను. కాని యానాటి వీణలు నేటివి కావు. నేడు మనము చూచు ఇరువదినాలుగు మెట్ల వీణను స్థిరపఱచిన కీర్తిని పదునేడవ శతాబ్దమున తంజావూరు నేలిన రఘునాథనాయకునకు ఇచ్చెదరు. ఆయన తెలుగున కావ్యములు వ్రాసిన ప్రభువు. ఇక పాలమూరు సీమలో పన్నెండు మెట్ల కిన్నెర కలదు గదా! 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్యగారి చేతిలో దానిని మీరును చూచియుందురు. వెదురుబొంగు, సొరకాయబుఱ్ఱలు, మైనము, తీగెలు, వాయించువాడే చేసికొనును. అది వీణకు తోబుట్టువని నా తలంపు. పండితులు ఒప్పుకొందురో లేదో.

గొల్లపల్లి ప్రయాణమునకు వత్తును. ఓరుగల్లున రైలెక్కి, బెజవాడ, విశాఖపట్టణముల మీదుగా విజయనగరమున దిగి, అక్కడనుండి బొబ్బిలి చేరితిని. పోయినది శిల్పశాల యనుకొనుచు; చేరినది ఒక పెంకుటిల్లు. వాకిట పనసదుంగలు, వసారాలో పొట్టు, ఆ పొట్టులో కూర్చుండి ఏబదియైదేండ్ల మనుష్యుడొకడు చిన్న బాడిసతో కుండను తొలుచుచుండెను. మా కడ ఉపాధ్యాయుని "సారు" అందురు. అక్కడ "మాస్టారు" అని పిలిచిరి.

"ఏ వూరు మాస్టారూ?"

"కాశిబుగ్గ."

"మన పలాస కాశీబుగ్గేనా! ఇంత దూరం కానిదానికి చెప్పులిప్పి నిలబడ్డారేటి, రండి. జీడిపప్పు తేలేదేటి?"

శ్రీకాకుళపు సీమలో పలాసకు జంటగా మఱియొక కాశీబుగ్గ కలదని నాకును అప్పుడే తెలిసినది. మాది ఓరుగంటి కాశిబుగ్గ యనియు, మా కడ జీడితోటలు లేవనియు చెప్పితిని. ఆతడు కొంచెము నిరుత్సాహపడినట్లు కనబడెను గాని మజ్జిగ తెప్పించెను.

పని చూపుమని యడిగితిని. ఉత్తమమైన బొబ్బిలి వీణ ఏకాండి. అనగా కుండయు దండియు ఒకే మ్రానినుండి తీసినది. అతుకులేదు గనుక మా యింటి వీణవలె నోరు తెఱచుటకు చోటులేదు. నాదము కూడ కుండనుండి దండికి అడ్డులేక పాఱునని వారి నమ్మకము. పనస యెందుకన్న ప్రశ్నకు ఆతడు ఒక చెక్కను నా చేతిలో పెట్టెను. ఆ పరిమాణమునకు అది తేలికగా నుండెను. పురుగు తఱచుగా పట్టదు. నీరు తగిలినను త్వరగా చెడదు. కొత్తగా కోసినపుడు పసుపువన్నె, ఏండ్లు గడచినకొలది ఎఱ్ఱబారును. ఆ పసుపుపొట్టుతోనే పరదేశములలో బౌద్ధభిక్షువుల వస్త్రములకు రంగు వేసెడివారు. ముదిరిన చెట్టు కావలెను. కోసిన దుంగ ఆరవలెను. దుంగ కొనలు ముందుగాను నడుమ వెనుకగాను ఆరును గనుక తొందరపడినచో కొనలు పగులును. ఇది నాగలి చేయించినవారికి నేను చెప్పనక్కఱలేదు.

తొలిచిన కుండకు పైన పలచని పలక మూతవేయుదురు. దండి కూడ లోపల బోలే. దాని చివర యాళిముఖము చెక్కుదురు. పూర్వము ఏనుగుదంతముతో అలంకారములు పొదిగెడివారు; 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, తరువాతి సవరణలును వచ్చిన పిమ్మట దంతము పోయి ప్లాస్టిక్కు వచ్చినది. చూడముచ్చటగా లేదని నా యభిప్రాయము. కాని ఏనుగు బ్రదుకుట మంచిదే.

మెడక్రింద నుండు బుఱ్ఱ పూర్వము సొరకాయది. నేడు కాగితపుగుజ్జుతోనో మఱి వేఱుదానితోనో చేయుదురు. ఇది మోసము కాదా యని యడిగితిని. నా ప్రశ్నకు సమాధానము నాకు తరువాత వేఱొకచోట దొరకినది. స్పెయిను దేశమున ఆంతోనియో దె తోర్రెస్ అను గిటారుల శిల్పి యుండెను (1817–1892). నేటి గిటారునకు రూపమిచ్చినవాడు ఆయనయే. వాద్యపు ప్రాణము పైపలకలోనే యున్నదని చూపుటకై ఆయన 1862లో ప్రక్కలును వెనుకయు కాగితపు అట్టతో ఒక గిటారు చేసెను. అది నేటికిని బార్సెలోనా నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. మా మనుమరాలి గిటారు కోరికకు ఈ విధముగా కొంత గౌరవము దక్కినది.

లెక్కల పంతులను గదా, మెట్ల కడ నా పాండిత్యము చూపబోయితిని. తీగె పొడవులో పదునెనిమిదవ వంతున మొదటి మెట్టు రావలెను; మిగిలిన దానిలో మరల పదునెనిమిదవ వంతున రెండవది; ఇట్లు పోగా పన్నెండవ మెట్టు దాదాపు సగమునకు వచ్చి, అక్కడ స్వరము రెట్టించును. నేను నా సంచిలోని టేపు తీసి కొలిచితిని. సగమునకు కొంచెము తేడా వచ్చినది. "తప్పు" అంటిని. ఆతడు నవ్వి, "తీగ మెట్టుకి ఎత్తులో ఉంటాది గదా మాస్టారూ. నొక్కితే సాగుతాది. సాగితే స్వరం పెరుగుతాది. మీ టేపు నొక్కదు" అనెను. ముప్పదినాలుగేండ్లు భిన్నములు చెప్పిన నాకు ఇది తోచలేదు! అందువలన మెట్లను కొలతతో చుక్కపెట్టి, చెవితో స్థిరపఱచుదురు. దండికి రెండువైపుల మైనమును గుగ్గిలమును మసియు కలిపిన నల్లని కట్టలు పోసి, వానిమీద మెట్లను నిలుపుదురు. దీనికి మేళము కట్టుట యని పేరు. మేళము కట్టువాని చెవి బాగుగా లేనిచో ఎంత మంచి పనసయు పనికిరాదు.

తీగెలు మోయు గుఱ్ఱముమీద ఇత్తడిరేకు ఒకటి యుండును. అది చదునుగా నుండదు; కంటికి కనబడనంత వంపు. మీటిన తీగె ఆ వంపును రాచుకొనుచు పోవుటచేతనే వీణ నాదము వెంటనే చావక నిలిచియుండును. ఆ రేకును ఆకురాయితో రెండుమాఱులు గీచి, మీటి, విని, మరల గీచుట చూచుచు నేను రెండు గంటలు కూర్చుంటిని. వీణలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగమేదని యెవరైన అడిగినచో ఆ రేకే అందును.

తరువాత ఆతడు నన్నొక ప్రశ్న వేసెను. "ఎవరి చేతికి?"

"మనుమరాలికి" అంటిని.

"చిన్నపిల్లా? చెయ్యి పెరుగుతాది. నేర్పేదెవరు?"

"నా భార్య."

"అయితే ఆవిడ చేతికే చెయ్యాలి. ఆవిడేరీ?"

ఆమెను తీసికొనిరావలెనను తలంపే నాకు కలుగలేదు. దండి లావు, మెట్ల ఎత్తు, తీగెల బిగువు, ఇవన్నియు చేతినిబట్టి కొంత మార్చవచ్చునట. అరువదియైదేండ్లు దాటిన ఆమె వ్రేళ్లకు కీళ్లనొప్పులు. తీగెలు మెట్లకు దగ్గఱగా నుండినగాని ఆమె నొక్కలేదు. అది నేను చెప్పగా ఆతడు విని, "సరే" అని, ఒక దుంగ కొనమీద ఎఱ్ఱపెన్సిలుతో "కాశీబుగ్గ, ఓరుగల్లు" అని వ్రాసెను. ధర 32,000 రూపాయలు. బయానా 10,000 ఇచ్చితిని. రసీదు లేదు, ఆ ఎఱ్ఱపెన్సిలే రసీదు.

నెలన్నరలో నగునన్నాడు. రెండు నెలలకు టెలిఫోను వచ్చినది. కుండ తొలుచుట చివరకు వచ్చినపుడు వెండ్రుకవాసి బీట కనబడినదట. వేఱు దుంగతో మొదటినుండి చేయుదునని, ఇంకొక రెండు నెలలు ఓపిక పట్టుమని చెప్పెను. నాకు కోపము వచ్చినది. దుకాణమున మోసపోయినవాడను గదా! బయానా మ్రింగుటకు ఇది మార్గమనుకొంటిని. "మీ పనివాండ్ర సాకులు నాకు క్రొత్త కాదు" అంటిని. ఇంతకంటె చెడ్డమాట కూడ ఒకటి అంటిని. దానిని మీకు చెప్పను. ఆతడు మాఱుమాట లేక, "మీకు ఇష్టం లేకపోతే డబ్బు పంపేస్తాను మాస్టారూ" అని మాత్రము అనెను. నేను వెంటనే పంపుమని అనబోవుచుండగా నా భార్య టెలిఫోను నా చేతినుండి తీసికొని, "చేయండి నాయనా, మేము వచ్చెదము" అన్నది.

ఈమాఱు ఇద్దఱమును పోయితిమి. నన్ను చూచి ఆతడు ఏమియు ననక, లోపలికి పోయి, తొలిచిన కుండ నొకదానిని తెచ్చి నా యొడిలో పెట్టెను. దండితో సహా ఏకాండిగా వచ్చినది. ఒకటిన్నర నెలల పని. దీపపువెలుతురులో ఎంత చూచినను నాకు బీట కనబడలేదు. అప్పుడు వ్రేలి కణుపుతో కొట్టి వినిపించెను. బీటలేని కుండను కొట్టినచో కాలిన కుండవలె మ్రోగును. ఇది ఒకవైపున బొంగురుపోయినది. "లక్క పెట్టి రంగేస్తే మీకు తెలిసేది కాదు. నాలుగేళ్లు బాగానే మోగేది" అనెను. "మఱి దీని నేమి చేయుదువు?" అని యడిగితిని. దానిని ముక్కలుచేసి చిన్న వీణలు చేయుదురట. జ్ఞాపికలుగా ఇచ్చు జానెడు, మూరెడు వీణలకు నేడు గిరాకి హెచ్చు. "చిన్న వీణ కూడు పెడతాది, పెద్ద వీణ పేరు పెడతాది" అని ఆతని భార్య వాకిటినుండి అన్నది. వారి పెద్దకుమారుడు విశాఖలో ఉద్యోగము చేయుచున్నాడు. చిన్నవాడు తండ్రికడ మేళము కట్టుట నేర్చుకొనుచున్నాడు, కాని యాతని కన్నును విశాఖమీదనే యున్నదని తండ్రియే చెప్పెను. ముదిరిన పనసలు దొరకుటయు కష్టమగుచున్నదట.

నేను క్షమింపుమని యడిగితిని. ఆతడు వినబడనట్లు తీగె బిగించుచుండెను.

నా భార్య చాపమీద కూర్చుండి వీణను ఒడిలోనికి తీసికొన్నది. నలుబది సంవత్సరములు. కుడిచేయి వెంటనే త్రోవ కనుగొన్నది, ఎడమచేయి తడబడినది. మొదటి గమకమునకు తీగెను లాగబోయి, నొప్పికి మొగము ముడిచి, విడిచినది. శిల్పి లేచి, ఏమియు నడుగక, వేడిచేసిన ఇనుపపుల్లతో మైనమును కరగించి, నాలుగు మెట్లను కొంచెము సవరించెను. మరల వాయించినది. మరల సవరించెను. ఇట్లు మధ్యాహ్నమంతయు గడచినది. వారిద్దఱును నాతో మాటలాడలేదు; నేను పనికిరానివాడనై అరుగుమీద కూర్చుంటిని. ఆమె యేమి వాయించినదో నాకు తెలియదు. పూర్వము మా యింటిలో విన్నదే యని మాత్రము తోచినది.

రైలులో వీణను పైబల్లమీద పరుండబెట్టి, మేమిద్దఱము క్రింద కూర్చుండి తెచ్చితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆమె పెట్టెలోని పట్టుగుడ్డను తీసినది. ఈ వీణ పాతదానికంటె పొడవు. గుడ్డ యాళిముఖమువఱకు రాలేదు. ఇంకొక ముక్క అతికించుదునని చెప్పినది, ఇంకను అతికించలేదు.

మీలో నెవరైన మనుమల కొఱకు వీణ కొనదలచినచో, వాయించువారిని వెంట తీసికొనిపొండు. కుండను కొట్టి వినుడు. అతుకున్నదా లేదా యడుగుడు. బేరము చివర నాడుడు. ఇంటికి తెచ్చిన తరువాత రేకులకప్పు క్రిందను, ఎండ తగులు గోడకడను ఉంచకుడు. మైనము మెత్తబడి మెట్లు జరుగును. నేనింత జాగ్రత్తపడినను మొన్నటి యెండలకు మంద్రస్థాయిలో రెండవ మెట్టు జరిగినది. నాకు తెలియలేదు, మా మనుమరాలు కనిపెట్టినది. గొల్లపల్లికి టెలిఫోను చేయగా, కార్తికమున చిన్నకుమారుడు హైదరాబాదుకు వచ్చునపుడు మా యింట దిగి మేళము సరిచేయునని చెప్పిరి. రైలుఖర్చు ఇచ్చెదమంటిమి. వారు జీడిపప్పు మాట ఎత్తిరి. అంతవఱకు పిల్ల ఆ మెట్టును దాటి వాయించుచున్నది.